ఎండాకాలం సోడియం సల్ఫేట్ ఎందుకు మొరాయిస్తుంది? ల్యాబులో నీటిని తీసే రసాయనాల లెక్క

సంక్షిప్తంగా: ల్యాబులో ద్రావణిలోని తేమ తీయడానికి వాడే రసాయనాలన్నీ ఒకేలా పనిచేయవు. కొన్ని నీటిని హైడ్రేట్‌గా (నీటి అణువులను తనలో కలుపుకున్న స్ఫటికంగా) కట్టేస్తాయి, కొన్ని రంధ్రాల్లో దాచుకుంటాయి, మరికొన్ని నీటితో చర్య జరిపి దాన్ని లేకుండా చేస్తాయి. మొదటి రకం గది ఉష్ణోగ్రతను బట్టి మారిపోతుంది. అందరూ వాడే సోడియం సల్ఫేట్‌కు 32.4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గీత ఉంది. తిరుపతిలో ఏడాదిలో చాలా నెలలు మధ్యాహ్నం ఆ గీత దాటిపోతుంది. ఏ రసాయనం మంచిదన్న ప్రశ్నకు ద్రావణిని, అందులోని పదార్థాన్ని, ఆనాటి వాతావరణాన్ని చూడకుండా జవాబు చెప్పలేం.

ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబులో పెద్దగా ఆలోచించకుండా చేసే పని ఒకటుంది. సెపరేటింగ్ ఫన్నెల్‌లోంచి ఆర్గానిక్ పొరను కోనికల్ ఫ్లాస్కులోకి దించుకోవడం, స్పాచులాతో రెండు మూడుసార్లు నిర్జల సోడియం సల్ఫేట్ వేయడం, పక్కన పెట్టి టీకి వెళ్లడం. తిరిగొచ్చి వడకట్టి ద్రావణిని ఆవిరి చేస్తే సరి. చాలాసార్లు దీనివల్ల నష్టమేమీ కనిపించదు. ఫ్లాస్కు అడుగున పొడి పదార్థం బదులు, పదార్థం చుట్టూ నీటి చుక్కలు తేలినప్పుడే అనుమానం మొదలవుతుంది.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఏర్పేడు వైపున్న ఐఐటీ, ఐసర్, వీటికి తోడు చుట్టుపక్కల డిగ్రీ, పీజీ కాలేజీలు ఉన్నాయి. ఏసీ ఉన్న పరిశోధన ల్యాబుల సంగతి వేరు. ఫ్యాన్ కింద నడిచే ప్రాక్టికల్ హాళ్లలో మే నెల ఒక రకంగా, ఈశాన్య రుతుపవనాలు కురిసే నవంబరు ఇంకో రకంగా ఉంటుంది. పుస్తకాల్లోని డ్రయింగ్ ఏజెంట్ల (తేమ తీసే రసాయనాల) పట్టికలు మాత్రం ఎక్కువగా 20, 25 డిగ్రీల గదులను మనసులో పెట్టుకుని వేసినవి. గందరగోళానికి సగం కారణం అక్కడే ఉంది.

నీరు ఎందుకంత అడ్డం?

ముందు ఒక చిన్న లెక్క. నీటిని అసలు ఓర్వని గ్రిగ్నార్డ్ చర్యకు 100 మిల్లీలీటర్ల టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి) తీసుకున్నారనుకుందాం. అందులో నీరు 200 పీపీఎం, అంటే 0.02 శాతం. కంటికి కనిపించేది కాదు. కానీ 100 మిల్లీలీటర్ల టీహెచ్‌ఎఫ్ దాదాపు 89 గ్రాముల బరువు కాబట్టి, ఆ నీరు 18 మిల్లీగ్రాములవుతుంది. నీటి అణుభారం 18. అంటే సరిగ్గా ఒక మిల్లీమోల్. చర్య 5 మిల్లీమోళ్ల స్థాయిలో చేస్తుంటే, గ్రిగ్నార్డ్ కారకంలో ఐదో వంతు అసలు పనికి చేరకముందే నీటితో చర్య జరిపి హైడ్రోకార్బన్‌గా మారిపోయింది. దిగుబడి 80 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతోందని తల పట్టుకునేవాళ్లు చూడాల్సింది ముందు ద్రావణి సీసా మూతను.

గ్రిగ్నార్డ్ లాంటి సున్నిత చర్యలు లేని చోట కూడా నీరు ఊరుకోదు. స్ఫటికీకరణ జరగనివ్వదు, బరువు తప్పు చూపిస్తుంది, స్పెక్ట్రాల్లో దొంగ సంకేతాలు పెడుతుంది. వానాకాలంలో పొటాషియం బ్రోమైడ్ బిళ్ల చేసి ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రం తీస్తే 3400 సెం.మీ.⁻¹ ప్రాంతంలో వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. దాన్ని ఆల్కహాల్ సమూహమని రికార్డులో రాసేసే విద్యార్థులు ప్రతి బ్యాచులోనూ ఉంటారు. నిజానికి అది చాలాసార్లు బ్రోమైడ్ పొడి పీల్చుకున్న తేమే. ఎన్‌ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్లను చూపే స్పెక్ట్రంలో) డ్యుటరేటెడ్ క్లోరోఫాం వాడితే నీటి శిఖరం 1.56 దగ్గర వచ్చి కూర్చుంటుంది. అది తెలియనివాళ్లు దానికి కూడా ఒక ప్రోటాన్‌ను అంటగడతారు.

మోత, పట్టు, వేగం

డ్రయింగ్ ఏజెంట్‌ను కొలవడానికి మూడు ప్రమాణాలున్నాయి. ఒక గ్రాము ఎంత నీటిని మోయగలదన్నది మొదటిది. చివరికి ఎంత తేమ మిగిల్చి ఆగిపోతుందన్నది రెండోది, దాన్ని పట్టు అనుకోవచ్చు. ఎంత త్వరగా పనిచేస్తుందన్నది మూడోది. ఈ మూడూ ఒకే రసాయనంలో కుదరడం అరుదు. విద్యార్థులు సాధారణంగా మొదటిదాన్నే చూసి మిగతా రెండూ అదే అనుకుంటారు.

సోడియం సల్ఫేట్ పది నీటి అణువులతో డెకాహైడ్రేట్ ఇస్తుంది. లెక్క ప్రకారం ఒక గ్రాము లవణం 1.27 గ్రాముల నీటిని మోస్తుంది. మెగ్నీషియం సల్ఫేట్ ఏడు అణువులతో 1.05 గ్రాములు మోస్తుంది. నిర్జల కాల్షియం సల్ఫేట్ అయితే అర అణువే పట్టి హెమీహైడ్రేట్ అవుతుంది, మోత 6.6 శాతం మాత్రమే. కాగితం మీద చూస్తే సోడియం సల్ఫేట్‌కే పెద్దపీట వేయాలి.

పట్టు దగ్గరికొస్తే వరుస తలకిందులవుతుంది. హైడ్రేట్ ఏర్పడటం ఇరువైపులా నడిచే చర్య. లవణం నీటిని తీసుకుంటుంది, హైడ్రేట్ కొంత నీటిని వదులుతుంది, ఒక చోట రెండూ సమానమై ఆగిపోతాయి. 25 డిగ్రీల దగ్గర సోడియం సల్ఫేట్, దాని డెకాహైడ్రేట్ కలిసి ఉన్న చోట గాలిలో సాపేక్ష ఆర్ద్రత దాదాపు 80 శాతం దగ్గర స్థిరపడుతుంది. అంతకన్నా పొడి గాలిలో ఉంచితే డెకాహైడ్రేట్ స్ఫటికాలే నీరు వదిలి తెల్లటి పిండిగా రాలిపోతాయి. ఇలాంటి లవణం ద్రావణిలో కరిగిన నీటిని పూర్తిగా లాగేస్తుందని ఆశించడం అత్యాశే.

ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సెపరేటింగ్ ఫన్నెల్‌లో చివరిసారి సంతృప్త ఉప్పునీటితో కడుగుతారు కదా, దాన్నే ల్యాబులో బ్రైన్ వాష్ అంటారు. ఆ సంతృప్త ఉప్పునీటి మీద ఆర్ద్రత 75 శాతం. అంటే బ్రైన్ వాష్ బాగా చేస్తే, కరిగిన నీటి విషయంలో అది సోడియం సల్ఫేట్ చేరగలిగిన చోటికి ముందే చేరిపోయింది. ఆ తర్వాత వేసే సోడియం సల్ఫేట్ ముఖ్యంగా పట్టేది ఫ్లాస్కు గోడలకు అంటిన చుక్కల్ని, పొరలు సరిగా విడిపోక వెంట వచ్చిన తుంపరల్ని. ఒక్క మాటలో, అది ఆరబెట్టడం కన్నా తుడవడం ఎక్కువ చేస్తుంది. ఉప్పునీటి కడుగును దండగ అనుకుని వదిలేసి, ఆ లోటును రెండు స్పాచులాల సల్ఫేట్‌తో పూడ్చాలనుకోవడం లెక్క తప్పిన పొదుపు.

కాల్షియం సల్ఫేట్ మోత చిన్నదే గాని పట్టు గట్టిది, వేగమూ ఎక్కువే. మెగ్నీషియం సల్ఫేట్ రెండింటి మధ్యలో నిలుస్తుంది. పైగా మెగ్నీషియం సల్ఫేట్ మొదటి నీటి అణువుల్ని బలంగా లాగి, చివరివాటిని వదులుగా పట్టుకుంటుంది. అందుకే సిద్ధాంతం చెప్పే మోత మొత్తాన్ని నమ్ముకోకుండా రెండు మూడు రెట్లు వేయడం ఆనవాయితీ.

ఎంత వేయాలో ఫ్లాస్కే చెబుతుంది. నీటితో సంతృప్తమైన ఇథైల్ ఎసిటేట్‌లో సుమారు 3 శాతం నీరు ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు అది రెండున్నర గ్రాముల పైమాటే. మెగ్నీషియం సల్ఫేట్ మొదటి స్పాచులా వేయగానే ముద్దకట్టి అడుగున అతుక్కుంటుంది, ద్రావణం మసకగానే ఉంటుంది. ఇంకొంచెం వేసి ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ పోవాలి. కొత్తగా పడిన పొడి ముద్దకు అంటుకోకుండా విడివిడిగా తేలి, తిప్పడం ఆపగానే నెమ్మదిగా దిగుతుంటే చాలినట్టు. అప్పటికి ద్రావణం కూడా తేటపడుతుంది. అక్కడ ఆపాలి. అంతకుమించి వేస్తే సన్నటి పొడి పదార్థాన్ని కూడా తనతో పట్టుకుపోతుంది, వడకట్టాక శుభ్రమైన ద్రావణితో మరోసారి కడగాల్సి వస్తుంది.

32.4 డిగ్రీల గీత

సోడియం సల్ఫేట్ డెకాహైడ్రేట్ 32.4 డిగ్రీలు దాటితే నిలవదు. స్ఫటికంలోని నీరు బయటికొచ్చి, నిర్జల లవణం మళ్లీ మిగులుతుంది. ఈ మార్పు ఎంత కచ్చితమైనదంటే, దీన్ని థర్మామీటర్లు సరిచూడటానికి వాడిన రోజులున్నాయి. తిరుపతిలో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలే. కిటికీలు తెరిచిన ల్యాబులో, ఎండ తగిలే బల్ల మీద ఉన్న ఫ్లాస్కు 35, 36 డిగ్రీల దగ్గర ఉంటే అందులోని సోడియం సల్ఫేట్‌కు డెకాహైడ్రేట్ కట్టే దారే మూసుకుపోయింది. ఎంత వేసినా, ఎంతసేపు ఉంచినా అది చేయగలిగింది చుక్కల్లో కొంత కరిగి చిక్కటి ద్రావణంగా మారడమే. అడుగున ముద్దకట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి పనిచేసిందనే భ్రమ కలుగుతుంది.

మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 48 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. తిరుపతి ఎండకు అది సరిపోతుంది. కాల్షియం క్లోరైడ్ సంగతి మధ్యస్థం. ఆరు అణువుల హైడ్రేట్ 30 డిగ్రీల దగ్గరే చెదిరి నాలుగు అణువులకు దిగుతుంది. మోత గ్రాముకు 0.97 నుంచి 0.65 గ్రాములకు పడుతుంది, అయినా పని ఆగదు.

ద్రావణులకూ ఎండ దెబ్బ ఉంది. డైఇథైల్ ఈథర్ మరిగే ఉష్ణోగ్రత 34.6 డిగ్రీలు, డైక్లోరోమీథేన్‌ది 39.6. మెగ్నీషియం సల్ఫేట్ నీటిని పట్టేటప్పుడు వేడి పుడుతుంది. మే మధ్యాహ్నం ఈథర్‌లో ఒక్కసారిగా గుమ్మరిస్తే ఫ్లాస్కులో ఈథర్ బుసబుసమని మరిగి పైకి తన్నుకొస్తుంది. దగ్గర్లో హాట్‌ప్లేట్ ఉంటే చెప్పనక్కర్లేదు. ఐసు నీటి గిన్నెలో ఫ్లాస్కు పెట్టి కొంచెం కొంచెంగా వేస్తే రెండు సమస్యలూ తీరుతాయి. ఈథర్ చల్లబడుతుంది, సోడియం సల్ఫేటే వాడాల్సి వచ్చినా 32.4 గీతకు కిందే ఉంటుంది. ఏసీ లేని ల్యాబుకు ఇంతకన్నా చవకైన పరిష్కారం లేదు.

అలాంటప్పుడు మెగ్నీషియం సల్ఫేటే ఎప్పుడూ వాడితే పోలేదా? పోదు. దానికి కొంచెం ఆమ్ల స్వభావం ఉంది. ఎసిటాల్ లాంటి, ఆమ్లానికి ఓర్వలేని పదార్థాలు దెబ్బతినవచ్చు. సోడియం సల్ఫేట్ తటస్థం, గుళికలుగా ఉంటుంది కాబట్టి వడకట్టకుండా వంచేసుకోవచ్చు. దాని ఆదరణకు అసలు కారణం ఆ మెతకదనమే, బలం కాదు.

నవంబరులో ఎదురయ్యే చిక్కు

వానాకాలంలో సమస్య వేరే వైపు నుంచి వస్తుంది. 30 డిగ్రీల గాలి నిండుగా తేమ పడితే ఘనపు మీటరుకు 30 గ్రాముల నీటిని మోస్తుంది. సున్నా డిగ్రీల గాలి మోసేది 5 గ్రాముల లోపే. చలిదేశపు శీతాకాలంలో సీసా మూత పది నిమిషాలు తెరిచి ఉంచడం, తిరుపతిలో వాయుగుండం రోజున తెరిచి ఉంచడం ఒకటి కావు.

కాల్షియం క్లోరైడ్ 30 శాతం ఆర్ద్రత దగ్గర నుంచే గాలిలోని నీటిని పీల్చి తనలో తానే కరిగిపోవడం మొదలుపెడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో చిత్తూరు బెల్లం దిమ్మ నీరుకారినట్టే, మూత సరిగా బిగించని కాల్షియం క్లోరైడ్ డబ్బా జావగా మారుతుంది. ఆ జావను ఓవెన్‌లో కాసేపు పెట్టి మళ్లీ వాడటం కొన్నిచోట్ల అలవాటు. 110 డిగ్రీల ఓవెన్‌లో పైకి ఎండినట్టే ఉంటుంది గాని నీరు పూర్తిగా పోదు. నిర్జల రూపం కావాలంటే 200 డిగ్రీలు దాటాలి.

డెసికేటర్లలో వాడే నీలి సిలికా జెల్ గులాబీ రంగుకు తిరగడం అందరికీ తెలిసిందే. ఆ రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. దాని ధూళి పీల్చడం క్యాన్సర్ కారకమని యూరప్‌లో వర్గీకరించాక నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకాలు వచ్చాయి. సిలికా జెల్ 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచితే తిరిగి వాడుకోవచ్చు. వానాకాలంలో డెసికేటర్ మూత తీసిన ప్రతిసారీ లోపలి గాలి మొత్తం మారుతుంది కాబట్టి, క్రూసిబుల్ బరువు ఎన్నిసార్లు తూచినా నిలకడగా రాకపోతే ముందు సిలికా జెల్ రంగు చూడాలి, తరువాతే త్రాసును అనుమానించాలి.

రంధ్రాల్లో దాచుకునేవి

మాలిక్యులర్ సీవ్స్ అంటే కృత్రిమ జియోలైట్ పూసలు. లోపల ఒకే కొలత గల రంధ్రాలు, ఆ రంధ్రాల్లో లోహ అయాన్లు. 3ఏ రకంలో ఆ ద్వారం సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు. నీటి అణువు అందులో దూరుతుంది, మిథనాల్, ఇథనాల్, ఎసిటోనైట్రైల్ బయటే ఆగిపోతాయి. 4ఏ రకంలో మిథనాల్ కూడా దూరి నీటి చోటును ఆక్రమిస్తుంది. ఆల్కహాల్‌లకు 3ఏ మాత్రమే వాడాలనడానికి కారణం ఇదే.

దీని పెద్ద నమూనా ఇప్పుడు పెట్రోలు బంకుల వెనుక ఉంది. స్వేదనం ఎంత చేసినా ఇథనాల్ 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది, మిగతా నీరు దానితో కలిసే మరుగుతుంది. పెట్రోలులో కలపాలంటే 99.5 శాతానికి పైన ఉండాలి. డిస్టిలరీలు ఆ చివరి నాలుగు శాతాన్ని తీసేది ఎక్కువగా 3ఏ సీవ్స్ నింపిన స్తంభాలతోనే. 20 శాతం ఇథనాల్ పెట్రోలు మీద నడుస్తున్న వాదోపవాదాల్లో ఈ మెట్టు ప్రస్తావన పెద్దగా రాదు.

ల్యాబుల్లో సీవ్స్ విఫలమయ్యేది ఎక్కువగా ఒకే కారణంతో: వాటిని ఉత్తేజితం చేయకపోవడం. డబ్బా తెరిచిన దగ్గర నుంచీ అవి గాలిలో తేమను నింపుకుంటాయి. గాజు సామాను ఆరబెట్టే 120 డిగ్రీల ఓవెన్ వాటికి చాలదు. 300 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు, వీలైతే వాక్యూమ్ కింద వేడి చేయాలి. మఫుల్ ఫర్నేసు ఉన్న ల్యాబులో ఇది రాత్రి పెట్టి పొద్దున తీసుకునే పని. పనికొస్తాయో లేదో తెలుసుకోవడానికి చల్లారిన నాలుగైదు పూసల్ని వాచ్‌గ్లాసులో పెట్టి రెండు చుక్కల నీరు వేస్తే చాలు. చురుగ్గా వేడెక్కి బుడగలు వస్తే ఉత్తేజితమైనట్టు. చల్లగా తడిసి ఊరుకుంటే తిరిగి ఫర్నేసుకే.

నీటితో తలపడేవి

మూడో రకం రసాయనాలకు సమతాస్థితి గొడవ లేదు, అవి నీటిని మిగల్చవు. కాల్షియం హైడ్రైడ్ నీటితో కలిసి హైడ్రోజన్ వదిలి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ ఫాస్ఫారిక్ ఆమ్లాలుగా మారుతుంది. సోడియం సంగతి చెప్పనక్కర్లేదు.

టీహెచ్‌ఎఫ్‌ను సోడియం, బెంజోఫినోన్ మీద మరిగించి, ముదురు నీలం రంగు రాగానే పట్టుకోవడం దశాబ్దాలుగా ప్రామాణిక పద్ధతి. నీలం వచ్చిందంటే నీరు, ఆక్సిజన్ పోయినట్టు గుర్తు. 2010లో విలియమ్స్, లాటన్ అనే ఇద్దరు పరిశోధకులు నీటిని కొలిచే కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో దీన్ని కొలిచి చూశారు. సోడియం మీద మరిగించిన టీహెచ్‌ఎఫ్‌లో 43 పీపీఎం వరకు నీరు ఉంది. అదే టీహెచ్‌ఎఫ్‌ను ఉత్తేజితం చేసిన 3ఏ సీవ్స్ మీద రెండు మూడు రోజులు ఉంచితే 10 పీపీఎం లోపుకు దిగింది. మంట పెట్టే ప్రమాదం లేదు, రాత్రంతా కాపలా లేదు. అయినా సోడియం స్టిల్‌లు (స్వేదన పరికరాలు) చాలా ల్యాబుల్లో ఇంకా నడుస్తున్నాయి. పద్ధతి పాతదైనకొద్దీ దాని మీద నమ్మకం కొలతల కన్నా అలవాటు మీద నిలబడుతుంది. 1996లో పాంగ్‌బార్న్, గ్రబ్స్ బృందం ప్రతిపాదించిన అల్యూమినా స్తంభాల పద్ధతి మరిగించే అవసరాన్నే తీసేసింది గాని, ఆ పరికరం ఖర్చు చిన్న కాలేజీల స్థాయిది కాదు. వాటికి సీవ్సే దారి.

ఈ రకంలో జత తప్పితే ప్రాణం మీదికొస్తుంది. డైక్లోరోమీథేన్, క్లోరోఫాం లాంటి క్లోరిన్ ద్రావణుల్లో సోడియం వేయకూడదు, పేలుతుంది. డైక్లోరోమీథేన్‌కు కాల్షియం హైడ్రైడ్ సరిపోతుంది. ఆల్కహాల్‌లకు ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పనికిరాదు, వాటితోనే చర్య జరుపుతుంది. ఎసిటోన్‌కు క్షార స్వభావమున్నవి బలంగా తగిలితే తనతో తానే కలిసి పెద్ద అణువులవుతుంది, దానికి కాల్షియం సల్ఫేట్ మేలు. అమీన్‌లకు పొటాషియం హైడ్రాక్సైడ్ బాగుంటుంది. కాల్షియం క్లోరైడ్ ఆల్కహాల్‌లను, అమీన్‌లను నీటిలాగే పట్టేసుకుంటుంది కాబట్టి వాటి దగ్గరికి తేకూడదు. పుస్తకపు పట్టికలో నేర్చుకోవాల్సింది ఈ జతలే, బలాబలాల వరుస కాదు.

వాడేశాక

తడిసిన సల్ఫేట్ ముద్దలో ఇంకా ద్రావణి ఉంటుంది. ఈథర్, ఇథైల్ ఎసిటేట్ వాసన వస్తున్న వడపోత కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తే, ఎండాకాలం ఆ బుట్టే ఆవిరి తొట్టి. ఫ్యూమ్ హుడ్‌లో పరిచి పూర్తిగా ఆరాకే ఘన వ్యర్థాల్లో కలపాలి. మిగిలిన సోడియం ముక్కల్ని నీటిలో వేయడం ప్రతి ఏటా ఎక్కడో ఒకచోట ప్రమాదానికి దారితీసే పొరపాటు. టోలీన్ లాంటి జడ ద్రావణిలో ఉంచి, చల్లబరుస్తూ ఐసోప్రొపనాల్ చుక్కచుక్కగా కలపాలి, బుడగలు పూర్తిగా ఆగాక ఇథనాల్, ఆ తర్వాతే నీరు. కాల్షియం హైడ్రైడ్‌కూ ఇదే వరుస, కాకపోతే అది మరీ నిదానంగా స్పందిస్తుంది. పైన తెల్లటి హైడ్రాక్సైడ్ పొర కట్టి, లోపల ఇంకా చర్య జరగని ముద్ద మిగులుతుంది. బుడగలు ఆగాయని తొందరపడి సింకులో పోస్తే హైడ్రోజన్ అక్కడ పుడుతుంది. ఒక రాత్రి హుడ్‌లో వదిలేసి, మర్నాడు కలియబెట్టి మళ్లీ బుడగలు రావడం లేదని చూసుకున్నాకే నీళ్లు కలపాలి.